చిత్రమూ ఒక సాక్ష్యమే
ఫొటో జర్నలిస్టు కావాలనుకునే యువతకు, వారి తల్లిదండ్రులకు

న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పడానికి వచ్చిన వ్యక్తిని మొదట అడిగేది అతను ఎవరు, ఎక్కడివాడు, సంఘటన జరిగినప్పుడు అక్కడ ఉన్నాడా లేదా అన్న సంగతులే. ఆ తరువాతే అతని మాటకు విలువ కడతారు. పత్రికలో అచ్చయ్యే వార్తాచిత్రం కూడా ఒక సాక్ష్యమే. ‘నేను అక్కడ ఉన్నాను, నా కళ్ళ ముందు ఇది జరిగింది’ అని ఆ చిత్రం చెబుతుంది. చెప్పే మనిషి నమ్మదగినవాడు కాకపోతే చిత్రం ఎంత అందంగా ఉన్నా దానికి విలువ లేదు.

నేడు ప్రతి చేతిలోనూ కెమెరా ఉన్న ఫోను ఉంది. ‘నేను ఫొటో జర్నలిస్టునవుతాను’ అని కొడుకో కూతురో చెబితే ఇంట్లో రెండు ప్రశ్నలు వస్తాయి. ఇందులో కూడు దొరుకుతుందా? ఇది ప్రమాదకరమైన పని కాదా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. తల్లిదండ్రులకు సాధారణంగా తట్టని మూడవ ప్రశ్న మరొకటి ఉంది. పని ఇచ్చేవారికి మన బిడ్డ ఎవరో, నమ్మదగినవాడో కాదో ఎలా తెలుస్తుంది?

ఢిల్లీలోనో, లండన్‌లోనో కూర్చున్న చిత్రాల ఎడిటర్ కర్నూలు కుర్రవాణ్ణి ఎన్నడూ చూసి ఉండడు. అతని పేరును ఇంటర్‌నెట్‌లో వెతుకుతాడు. ఆ కొద్ది నిమిషాలలో కనిపించినదాన్నిబట్టి పని ఇవ్వాలో వద్దో నిర్ణయించుకుంటాడు. కాబట్టి ఇంటర్‌నెట్‌లో మన పనిని ఏ విధంగా ఉంచాలన్నది ఈ వృత్తిలో అలంకారప్రాయమైన విషయం కాదు, బ్రతుకుతెరువుకు సంబంధించిన విషయం. ఛాయాచిత్రాల విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయభేదాలు పాఠకులకు తెలిసినవే. ఆ చర్చను ఇక్కడ చేపట్టడం లేదు. ఈ వృత్తిని ఎంచుకున్నవారు దాన్ని నిజాయితీగా, నేర్పుగా నిర్వహించడం ఎలాగన్నదే ఈ వ్యాస విషయం.

సనద్ లేని మాట

మద్రసా విద్యార్థులు హదీసు పాఠంతోపాటు సనద్‌ను, అంటే ఆ మాట ఎవరి ద్వారా ఎవరికి చేరిందో తెలిపే గొలుసును కూడా చదువుతారు. ఉల్లేఖకుల జీవితాలను, నడవడికను, జ్ఞాపకశక్తిని పరీక్షించడానికి మన పండితులు ప్రత్యేకంగా ఒక శాస్త్రాన్నే నిర్మించారు. ఆ పవిత్ర విద్యతో లౌకిక వృత్తికి సాటి చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ అందులోని ఇంగితం వార్తా ప్రపంచానికీ వర్తిస్తుంది. చెప్పినవాడు ఎవరో తెలియని మాటను నమ్మకూడదు. ఒక్కసారి అబద్ధమాడినట్టు తేలిన మనిషి చెప్పే నిజం కూడా అనుమానాస్పదమే.

2006 ఆగస్టులో లెబనాన్ యుద్ధ సమయాన రాయిటర్స్ వార్తాసంస్థకు బీరూట్ నుండి చిత్రాలు పంపిన ఒక ఫొటోగ్రాఫర్, బాంబుదాడి తరువాత లేచిన పొగను కంప్యూటర్‌లో మరింత దట్టంగా మార్చాడు. పొగలో ఒకే ఆకారం పదేపదే కనిపించడాన్ని ఇంటర్‌నెట్‌లో సామాన్యులే పసిగట్టారు. రాయిటర్స్ అతనితో సంబంధం తెంచుకుంది. అంతటితో ఆగక, తన భండారంలో ఉన్న అతని 920 చిత్రాలనూ తొలగించింది. వాటిలో మార్పులు చేయనివి కూడా ఉండే ఉంటాయి. అయినా వాటిని నమ్మేవారెవరు? నిజంగానే బాంబుల కింద నలిగిన ప్రజల పక్షాన పలకవలసిన సాక్ష్యాన్ని ఆ కాస్త పొగ బలహీనపరచింది.

2015లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో ఒక ఫొటోగ్రాఫర్‌కు ప్రకటించిన మొదటి బహుమతిని నిర్వాహకులు వెనక్కి తీసుకున్నారు. బెల్జియంలోని షార్లెరోవా పట్టణం గురించిన ఆ చిత్రమాలికలో ఒక చిత్రం నిజానికి బ్రస్సెల్స్‌లో తీసినది. చోటు తప్పుగా రాయడమే బహుమతి పోవడానికి కారణమైంది. చిత్రం కింద రాసే రెండు వాక్యాల బరువు ఎంతటిదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇప్పుడు కృత్రిమ మేధ చిత్రాలు కూడా వచ్చి చేరాయి. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ పోటీలో బహుమతికి ఎంపికైన ఒక చిత్రాన్ని తాను కృత్రిమ మేధతో సృష్టించానని దాన్ని పంపిన వ్యక్తే వెల్లడించి, బహుమతిని నిరాకరించాడు. ఇటువంటి కాలంలో యువ ఫొటో జర్నలిస్టు తన కెమెరా నుండి వచ్చిన అసలు ఫైళ్ళను ఒక్కటి కూడా పారేయకుండా భద్రపరచాలి. అనుమానం వచ్చిననాడు అవే అతని పక్షాన నిలబడతాయి. వెలుతురును కొద్దిగా సరిచేయడం వృత్తిలో అంగీకరించిన పద్ధతే. ఫ్రేములో ఉన్నదాన్ని తొలగించడం, లేనిదాన్ని చేర్చడం మాత్రం వార్తాచిత్రంలో ఎవరూ ఒప్పుకోని తప్పు.

సొంత ఇల్లు, అద్దె ఇల్లు

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటివి అద్దె ఇళ్ళు. యజమాని నియమాలు మార్చవచ్చు, ఖాతాను మూసివేయవచ్చు, దొంగలు దాన్ని కాజేయవచ్చు. అందువల్ల సొంత పేరుతో ఒక వెబ్‌సైట్ ఉండాలి. పేరు నమోదుకు ఏడాదికి అయ్యే ఖర్చు సాధారణంగా ఒక తరగతి పాఠ్యపుస్తకాల ఖర్చును మించదు. కోడింగ్ రాకపోయినా సిద్ధంగా దొరికే నమూనాలతో దాన్ని తయారుచేసుకోవచ్చు.

అందులో ముఖ్యంగా ఉండవలసినవి కొన్నే. మొదటిది చిత్రాలు. విడి చిత్రాలు పదిహేను, ఇరవై చాలు. వీటికి తోడు ఒక్కొక్క దానిలో ఎనిమిది నుండి పన్నెండు చిత్రాలున్న రెండు మూడు కథనాలు ఉంచాలి. విడి చిత్రం చూపును చెబుతుంది. కథనం ఓపికను, పరిశోధనను చెబుతుంది. ఒక్క బలహీనమైన చిత్రం పక్కనున్న పది మంచి చిత్రాల విలువను తగ్గిస్తుంది. కాబట్టి ఎంపికలో మనసును కఠినం చేసుకోవాలి. తన చిత్రాలపై తనకు మమకారం సహజమే గనుక, అనుభవజ్ఞులైన వారెవరికైనా చూపించి తీసివేయవలసినవి అడగడం మంచిది.

రెండవది పరిచయం. నాలుగైదు వాక్యాలు చాలు. పేరు, నివసించే ఊరు, పనిచేసే ప్రాంతం, వచ్చిన భాషలు, ఇంతవరకు చిత్రాలు అచ్చయిన పత్రికలు. మన పిల్లలలో చాలామందికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, హిందీ అబ్బుతాయి. నాలుగు భాషలలో జనంతో మాట్లాడగల ఫొటోగ్రాఫర్ అంటే ఎడిటర్లకు ఎంతో అవసరమైన మనిషి. ఈ సంగతిని సిగ్గుపడకుండా రాయాలి. కెమెరా, లెన్సుల పట్టిక రాయనక్కరలేదు. ‘ప్రఖ్యాత’, ‘అవార్డు గ్రహీత’ వంటి మాటలను ఆధారం లేకుండా వాడకూడదు.

మూడవది ఎడిటర్ సంప్రదించే మార్గం. పేరుతో ఉన్న ఈమెయిల్ ఉండాలి. చిన్ననాడు సరదాకు పెట్టుకున్న విచిత్రమైన పేర్లు పనికిరావు. వచ్చిన ఉత్తరానికి ఆ రోజే జవాబివ్వాలి.

సోషల్ మీడియాను పూర్తిగా వదలనక్కరలేదు. బజారులోని దుకాణం ముంగిలిలా వాడుకుని, వచ్చినవారిని సొంత ఇంటికి దారి చూపాలి. 2012లో ఇద్దరు పాత్రికేయులు ఆఫ్రికాలో యుద్ధం, కరువు తప్ప మరేమీ లేదన్న అపోహను తొలగించాలని, అక్కడి సామాన్య జీవితాన్ని ఫోనుతో తీసి ‘ఎవ్రీడే ఆఫ్రికా’ పేరుతో ఇంటర్‌నెట్‌లో పెట్టడం ప్రారంభించారు. తరువాత అది ఎన్నో దేశాలలో ఇటువంటి ప్రయత్నాలకు దారితీసింది. వృత్తి ఖాతాలో పెళ్ళి విందులు, స్నేహితుల హాస్యాలు, రాజకీయ వాగ్వాదాలు కలపకూడదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

మన వీధి నుండే మొదలు

పేరు రావాలంటే యుద్ధభూమికి వెళ్ళాలని కొందరు యువకులు భావిస్తారు. దానిష్ సిద్దిఖీ జీవితాన్ని గమనించండి. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో అర్థశాస్త్రం, తరువాత మాస్ కమ్యూనికేషన్ చదివారు. టెలివిజన్ విలేకరిగా పనిచేసి, 2010లో రాయిటర్స్‌లో ఇంటర్న్‌గా ఫొటో వృత్తిని మొదటి మెట్టు నుండి ప్రారంభించారు. రోహింగ్యా శరణార్థుల దుస్థితిని చూపిన చిత్రాలకు 2018లో పులిట్జర్ పొందిన రాయిటర్స్ బృందంలో ఆయన ఒకరు. మెట్టు మెట్టుగా ఎక్కిన జీవితం అది.

కొత్తగా మొదలుపెట్టేవారికి సొంత ఊరే మంచి పాఠశాల. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే స్త్రీలు, గల్ఫ్‌కు వెళ్ళిన భర్త కోసం ఎదురుచూసే ఇళ్ళు, గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే కూలీలు, హైదరాబాద్ లాడ్ బజారులో లక్క గాజులకు అద్దాలు అతికే చేతులు. వీటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకుని ఏడాదిపాటు పదేపదే వెళ్ళి తీస్తే, ఒక్క రోజుకు వచ్చిపోయే పేరుమోసిన ఫొటోగ్రాఫర్‌కు దొరకనిది మన యువకుడికి దొరుకుతుంది. ఆ ఇంటివారు అతన్ని తమవాడిగా చూస్తారు.

ఇటువంటి పనికి చోటిచ్చే వేదికలు ఉన్నాయి. పాత్రికేయులు పి. సాయినాథ్ 2014లో ప్రారంభించిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా గ్రామీణ శ్రమజీవుల కథనాలను చిత్రాలతో తెలుగుతో సహా అనేక భాషలలో ప్రచురిస్తోంది. హైదరాబాద్‌లో మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ కేంద్రంగా జరిగే ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌లో ప్రపంచస్థాయి చిత్రాలను దగ్గరగా చూడవచ్చు. చదువు విషయానికొస్తే, జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో డిగ్రీ ఉంది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది.

చిత్రం కింద రెండు వాక్యాలు

‘కన్నీటి గాథ’, ‘పేదరికపు పడగనీడ’ వంటి శీర్షికలు వార్తాచిత్రానికి పనికిరావు. ఎవరు, ఏమి చేస్తున్నారు, ఎక్కడ, ఏ తేదీన అన్నవి మొదటి వాక్యంలో రావాలి. దాని వెనుక ఉన్న సందర్భం రెండవ వాక్యంలో రావాలి. పేరును ఆ మనిషి చేతనే రాయించుకోవడమో, అక్షరాలు చదివి సరిచూసుకోవడమో చేయాలి. మన పేర్లు ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా మారిపోతాయో అందరికీ తెలుసు. అడిగి తెలుసుకోని విషయాన్ని ఊహించి రాయకూడదు. ముఖంలో విచారం కనిపించినంత మాత్రాన ‘కొడుకు కోసం విలపిస్తున్న తల్లి’ అని రాయడం నిందారోపణ అంతటి అన్యాయం.

ఈ వివరాలను వెబ్‌సైట్ పేజీపై రాయడంతోపాటు చిత్రం ఫైలులోపల కూడా నింపవచ్చు. ఐపీటీసీ అనే ప్రమాణం ప్రకారం తీసినవారి పేరు, తేదీ, చోటు, హక్కుల వివరం అందులో ఇమిడిపోతాయి. ప్రపంచమంతటా వార్తాసంస్థలు ఈ పద్ధతినే వాడుతున్నాయి. సోషల్ మీడియాలో పెట్టినప్పుడు ఆ వివరాలు తరచుగా చెరిగిపోతాయి. సొంత వెబ్‌సైట్ అవసరానికి ఇది మరో కారణం.

ఎదుటివారి ముఖం మన ఆస్తి కాదు

1984లో పాకిస్తాన్‌లోని నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో ఒక అఫ్ఘాన్ బాలికను అమెరికా ఫొటోగ్రాఫర్ చిత్రించారు. 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వచ్చిన ఆ పచ్చని కళ్ళు లోకమంతా చూసింది. 2002లో ఆమెను వెతికి పట్టుకునే వరకు షర్బత్ గులా అన్న ఆమె పేరు లోకానికి తెలియదు. ఆ చిత్రాన్ని ఆమె కూడా అంతవరకు చూడలేదు. పదిహేడేళ్ళపాటు ప్రపంచం ఒక బాలిక ముఖాన్ని చూసింది, ఆ బాలికకు ఆ సంగతే తెలియదు. ఇప్పుడైతే ఊళ్ళో తీసిన చిత్రం సాయంత్రానికే ఆమె బంధువుల ఫోన్లకు చేరుతుంది. అందువల్ల అనుమతి అడగడం ఇప్పుడు మరింత అవసరం. ‘ఈ ఫొటో ఇంటర్‌నెట్‌లో అందరికీ కనిపిస్తుంది, ఎన్నేళ్ళయినా ఉంటుంది’ అని వారి భాషలో విడమరచి చెప్పి అడగాలి. ‘ఫొటో తీసుకోనా?’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టడం అనుమతి కాదు.

హైదరాబాద్ చరిత్రలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1892లో పర్దా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియోను తెరిచారు. దాన్ని నడిపే బాధ్యతను ఒక ఆంగ్లేయ మహిళకు అప్పగించారు. చిత్రం ఎవరు తీస్తారు, ఎవరి ఎదుట తీస్తారు అన్నది తీయించుకునే స్త్రీ గౌరవానికి సంబంధించిన విషయమని ఆయన ఆనాడే గ్రహించారు.

చట్టం కూడా కొన్ని హద్దులు గీసింది. లైంగిక నేరాలకు గురైన పిల్లల ముఖం, పేరు, ఇల్లు, బడి తెలిసేలా ఏదీ ప్రచురించరాదని పోక్సో చట్టం 2012లోని 23వ సెక్షన్ చెబుతోంది. నేరారోపణ ఎదుర్కొంటున్న బాలల విషయంలోనూ, రక్షణ అవసరమైన బాలల విషయంలోనూ జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని 74వ సెక్షన్ ఇటువంటి నిషేధమే విధించింది. సొంత వెబ్‌సైట్ కదా అని మినహాయింపు దొరుకుతుందనుకోరాదు.

హక్కులు, రాబడి

మొదటి రోజుల్లో చాలామంది పెళ్ళిళ్ళ ఫొటోలతో ఖర్చులు గడుపుకుంటారు. అది గౌరవప్రదమైన రాబడే. కానీ కాపీరైట్ చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని తీయించుకున్నవారే. ఒక పెళ్ళికూతురి చిత్రాన్ని వారి అనుమతి లేకుండా ప్రచారానికి పెట్టుకోవడం మర్యాదకే కాదు, చట్టానికీ విరుద్ధం కావచ్చు. అనుమతి కాగితంపై తీసుకోవాలి. స్వతంత్రంగా తీసిన వార్తాచిత్రంపై హక్కు తీసినవారిదే. తీసినవారి జీవితకాలమంతా, వారు మరణించిన మరుసటి సంవత్సరారంభం నుండి మరో 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది. 1947లో కొందరు ఫొటోగ్రాఫర్లు కలిసి మాగ్నమ్ సంస్థను స్థాపించిన ముఖ్య ఉద్దేశాలలో ఒకటి తమ చిత్రాలపై హక్కును తమ చేతిలోనే ఉంచుకోవడం. ‘పేరు వేస్తాం, డబ్బు మాత్రం ఇవ్వలేం’ అనేవారికి ప్రతిసారీ తలవంచనక్కరలేదు. పని ఒప్పుకునే ముందు ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు, ఎన్నిసార్లు వాడుకుంటారు అన్నది ఈమెయిల్‌లో రాయించుకోవాలి.

జాగ్రత్తలు

తల్లిదండ్రుల భయం నిరాధారం కాదు. బంగ్లాదేశ్‌లో ‘దృక్’, ‘పాఠశాల’ సంస్థలను స్థాపించిన ప్రఖ్యాత ఫొటోగ్రాఫర్ షహీదుల్ ఆలమ్, 2018 ఆగస్టులో విద్యార్థుల ఆందోళనపై ఫేస్‌బుక్‌లోను, ఒక టెలివిజన్ ఇంటర్వ్యూలోను మాట్లాడిన తరువాత అరెస్టయి వంద రోజులకు పైగా జైలులో ఉన్నారు. కశ్మీర్ ఫొటో జర్నలిస్టు మస్రత్ జహ్రాపై 2020 ఏప్రిల్‌లో సోషల్ మీడియా పోస్టుల కారణంగా యూఏపీఏ కింద కేసు నమోదైంది. ఇంటర్‌నెట్‌లో పెట్టిన ప్రతి అక్షరానికీ మనం జవాబుదారులమని ఈ ఘటనలు గుర్తుచేస్తున్నాయి. చిత్రం, దాని నిజమైన వివరం పెట్టాలి. ఆవేశంలో రాసిన వ్యాఖ్య ఏళ్ళ తరబడి చేసిన పనిని పక్కదారి పట్టిస్తుంది.

చేయవలసిన పనులు చిన్నవే. ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. ఇంటి చిరునామా, సోదరీమణుల ఫొటోలు వృత్తి పేజీలో ఉంచకూడదు. ఫోను చిత్రంలో నమోదయ్యే చోటు వివరాన్ని బయటపెట్టే ముందు తొలగించాలి. ఎందుకంటే దాని ద్వారా ఎవరి ఇల్లెక్కడో తెలిసిపోతుంది. ప్రతి చిత్రానికి మూడు నకళ్ళు రెండు రకాల నిల్వలలో ఉంచి, వాటిలో ఒకదాన్ని వేరే చోట దాచాలి. గొడవలు జరుగుతున్న చోటుకు ఒంటరిగా వెళ్ళకూడదు. ఏ దృశ్యం కోసమూ ప్రాణాన్ని పణంగా పెట్టమని ఏ మంచి ఎడిటరూ అడగడు. పెద్ద సంస్థ అండ ఉన్న దానిష్ సిద్దిఖీ కూడా 2021 జూలై 16న అఫ్ఘానిస్తాన్‌లోని స్పిన్ బోల్దక్‌లో ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి ఆయన వయసు 38 ఏళ్ళు మాత్రమే.

ఇంట్లోవారు చేయగలిగినది

కోవిడ్ విలయాన్ని చూపిన చిత్రాలకు 2022లో దానిష్‌కు మరణానంతరం పులిట్జర్ దక్కింది. ఆయనతోపాటు ఆ గౌరవాన్ని పంచుకున్న ముగ్గురిలో కశ్మీర్ యువతి సనా ఇర్షాద్ మట్టూ ఒకరు. కూతురు ఈ దారి ఎంచుకుంటానంటే వెంటనే తోసిపుచ్చే ముందు ఈ సంగతి గుర్తుచేసుకోవాలి. బీడీలు చుట్టే ఇంటి లోపలికి, ప్రసూతి ఆసుపత్రి వార్డులోకి, పర్దా వెనుక కూర్చున్న అవ్వ దగ్గరికి మన కూతురు వెళ్ళగలిగినట్టు ఏ పురుషుడూ వెళ్ళలేడు. మహిళా ఫొటోగ్రాఫర్లను ఎడిటర్లకు పరిచయం చేసే ‘విమెన్ ఫొటోగ్రాఫ్’ వంటి వేదిక 2017 నుండి పనిచేస్తోంది.

తల్లిదండ్రులకు కెమెరా విద్య తెలియనక్కరలేదు. బిడ్డ తయారుచేసిన పేజీని నెలకొకసారి పక్కన కూర్చుని చూడండి. ప్రతి చిత్రం దగ్గర అడగండి. ‘ఈయన పేరేమిటి? ఆయన ఒప్పుకున్నాడా? ఈ మాట నీకెవరు చెప్పారు?’ బిడ్డ తడుముకోకుండా జవాబు చెబితే చిత్రాన్ని ఉండనివ్వండి. చెప్పలేకపోతే ఆ చిత్రాన్ని ఆ రాత్రికి పక్కన పెట్టించండి. మరునాడు మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి, అడిగి, తెలుసుకుని వచ్చాక తిరిగి చేర్చవచ్చు.